ఆదివారం ఆదివారం ఆయిల్ చూడాలి

మార్చి 2, ఆదివారం, పొద్దున్నే

ఇవాళ్టి నుంచి నేను మారిపోయాను! రేపు ఎవరైనా కాదంటే చూపించడానికి ఉంటుందని రాసి పెడుతున్నాను.

నిన్న మెకానిక్ బాబాయి మా ముసలిదాని కింద దూరి ఆయిల్ దించాడు. ముసలిది అంటే మా కారు. పళ్లెంలో పడింది ఆయిల్ కాదు, కాటుక. రోడ్డు మీద పోస్తే గుంటలు పూడేవి.

"ఆఖరిసారి ఎప్పుడు మార్చావురా?" అన్నాడు బాబాయి.

"మొన్ననే."

"ఏ మొన్న? నీకు జుట్టున్నప్పటి మొన్నా?"

పక్కనే మా ఆవిడ. ఈ నెల ఇరవై ఎనిమిదిన ఆమెకి డ్రైవింగ్ పరీక్ష. ఇదివరకే రెండుసార్లు తప్పింది. చెయ్యి అలవాటైంది ఈ కారుకే కాబట్టి పరీక్షా ఇందులోనే. ఆ పళ్లెంలోకి తొంగి చూసి, చాలా నెమ్మదిగా చెప్పింది:

"ఏమండీ, నా పరీక్ష మధ్యలో ఇది గానీ ఆగిందా, అటునుంచి అటే తుక్కు కొట్టుకి తోలేస్తా. ఆ టైముకి మీరు కూడా లోపల కూర్చుని ఉంటే నాకేం అభ్యంతరం లేదు."

పెళ్లికి రెండేళ్ల ముందు కొన్న కారు. ఇంట్లో మా ఆవిడ కంటే సీనియర్. ఆ మాట ఆమె ముందు ఒక్కసారే అన్నాను. మళ్లీ అనే ధైర్యం రాలేదు.

కాబట్టి నియమాలు:

1. ప్రతి ఆదివారం పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉండగా, గేజు తీసి ఆయిల్ ఎంతుందో చూడాలి. (ఇంజిన్లో గుచ్చి ఉండే పొడుగాటి ఇనప పుల్లే గేజు. కింద రెండు గీతలుంటాయి. ఆయిల్ ఆ రెంటి మధ్య ఉంటే మనం బతికినట్టు.)
2. ఐదు వేల కిలోమీటర్లకో, ఆర్నెల్లకో, ఏది ముందొస్తే అప్పుడు ఆయిల్ మార్పించాలి. ఫిల్టర్ కూడా.
3. ఎవర్నీ ఆటపట్టించకూడదు. (ఇది మా ఆవిడ రాయించింది. ఆయిలుకీ దీనికీ ఏం సంబంధమో!)

అదే రోజు, సాయంత్రం

బావమరిది వచ్చాడు. నేను పెట్టిన పేరు వీడియో. ఏ సంగతైనా ఫోన్లో వీడియో చూసి వచ్చి మనకి నేర్పుతాడు. చంకలో బంగారు రంగు డబ్బా.

"బావా, బాబాయి పోసింది ఆయిలా, ఆముదమా? ఈ రోజుల్లో అంత చిక్కటిది ఎవరు వాడుతున్నారు? ఇదిగో, ఫుల్లీ సింథటిక్. నీళ్లలా ఉంటుంది. పది వేల కిలోమీటర్ల దాకా బానెట్ ఎత్తక్కర్లేదు."

"నీళ్లలాంటిది పోస్తే నీళ్లలాగే కారిపోతుందిరా. దాని సీళ్లు నా పళ్లలాంటివి. అన్నీ సందులే."

"ఎవరు చెప్పారు?"

డాష్‌బోర్డు అరలోంచి కారుతోపాటు వచ్చిన పుస్తకం తీశాను. పురుగులు సగం తినేశాయి గానీ ఆయిల్ పేజీ వాటికి రుచించినట్టు లేదు. ఈ ఇంజిన్‌కి ఇరవై-యాభై, అంటే చిక్కటి రకమే పొయ్యమని స్పష్టంగా ఉంది.

"అది అచ్చేసినప్పుడు నేను నిక్కరేసుకుంటున్నా బావా!"

"ఇప్పటికీ బుర్ర అక్కడే ఉందిలే."

మా ఆవిడ తీర్పు చెప్పింది. "పుస్తకంలో ఏదుంటే అదే. ఒరేయ్, నీ డబ్బా షెడ్డులో పెట్టు." పెట్టాడు. పెడుతూ శపించాడు: "చూస్తుండు బావా, ఆ ఆముదాన్ని ముసలిది వారంలో తాగేస్తుంది. వచ్చే ఆదివారం నేనే వచ్చి గేజు తీస్తా."

తియ్యి నాయనా, తియ్యి.

మార్చి 4, మంగళవారం

షాపులో బేరాల్లేవు. మనది తాళంచెవుల షాపు. చదువు తొమ్మిదో తరగతి దగ్గర ఆగింది గానీ చెయ్యి మాత్రం డాక్టరేటు. దేన్ని చూసినా డూప్లికేట్ తియ్యందే నిద్రపట్టదు.

గేజుకి డూప్లికేట్ తీశాను!

అదే పొడవు, అదే కొక్కెం, అదే తుప్పు రంగు. తేడా ఒక్కటే. రెండు గీతల్నీ ఆకురాయితో అంగుళం పైకి గీశాను. ఇంజిన్ నిండా ఆయిల్ ఉన్నా కింద గీతకి కూడా అందదు. అసలుది చొక్కా చేతిలో దాస్తాను. వీడియో మహాశయుణ్ని ముందు గెలిపించాలి. ఆ తర్వాతే కింద పడెయ్యాలి.

మూడో నియమం గుర్తుంది. ఇది ఆటపట్టించడం కాదు, జ్ఞానబోధ.

మార్చి 9, ఆదివారం

అబ్బబ్బబ్బ! ఇలాంటి ఆదివారం మళ్లీ వస్తుందా!

మా ఆవిడ డ్రైవింగ్ క్లాసుకెళ్లింది. వీడియో వచ్చాడు. గేజు లాగాడు, తుడిచాడు, ముంచాడు, లాగాడు. కింద గీతకి దిగువన ఆయిల్! వాడి మొహం చూడాలి, పరీక్ష ఫస్టున పాసైనట్టు. పక్కింటి రిటైర్డు డ్రిల్లు మేస్టార్ని పిలిచాడు. ఎదురింటి టైలరమ్మని పిలిచాడు. చిక్కటి ఆయిల్ ఎలా మాడి పోతుందో గేటు దగ్గర నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు.

చప్పట్లు కొట్టి చొక్కా చేతిలోంచి అసలు గేజు తీశాను. గుచ్చాను, లాగాను. పై గీత దాకా నిండుగా, తేనె రంగులో!

డ్రిల్లు మేస్టారు నవ్వలేక గేటు పట్టుకుని కూర్చుండిపోయారు. టైలరమ్మకి ఎక్కిళ్లు. వీడియో కాఫీ తాగకుండా వెళ్లిపోయాడు. నాకూ నవ్వుతో కళ్లు కనపడలేదు. ఎలాగో ఒక గేజు ఇంజిన్లో గుచ్చి, రెండోది షెడ్డు తలుపు వెనక మేకుకి తగిలించి లోపలికొచ్చాను.

మొదటి ఆదివారం ఆయిల్ చూడ్డం: దిగ్విజయం.

మార్చి 16, ఆదివారం

వాన. తడిలో బానెట్ ఎత్తితే నీళ్లు పడవూ? కారు మంచికే చూడలేదు.

అయినా ఆయిల్ ఎక్కడికి పోతుంది? దానికి కాళ్లున్నాయా?

మార్చి 19, బుధవారం

మా ఆవిడ రోజూ పొద్దున్నే కారు తీసి ప్రాక్టీసు చేస్తోంది. "ఆయిల్ చూశారా?" అంది. "ఆదివారం కదా మన రోజు" అన్నాను. "సరే, నేనే చూసుకుంటున్నా లెండి" అంది.

హాయి! పెద్ద పెద్ద కంపెనీల్లో యజమానులు గేజులు పట్టుకు తిరుగుతారా? పని ఒకరికి అప్పగించి పైనుంచి చూస్తారు. నేను పైనుంచి చూస్తున్నాను. మంచం మీద నుంచి.

మార్చి 23, ఆదివారం

లేచేసరికి పదకొండు. ఇంజిన్ చల్లగా ఉండాలన్నారు గానీ నేను చల్లగా ఉండకూడదని ఎవరూ అనలేదు కదా.

దుప్పట్లో ఉండగా మా ఆవిడ వచ్చి, "ఏమండీ, ఇది తెగ తాగుతోంది. ఎంత పోసినా కింద గీతకి కూడా రావట్లేదు. తగ్గితే పోసుకోమని బాబాయి ఇచ్చిన డబ్బా అయిపోయింది. తమ్ముడి డబ్బా విప్పా" అంది.

"వయసైపోయిందే. దాహం ఎక్కువ" అని అటు తిరిగి పడుకున్నాను.

ఈ వాక్యం రాస్తుంటే లోపలెక్కడో ఏదో గుచ్చుకుంటోంది. ఏంటో తెలియట్లేదు. ఆకలేమో.

మార్చి 26, బుధవారం

తెలిసింది.

పొద్దున ప్రాక్టీసుకని కారు తీసింది. వీధి చివరికి వెళ్లకముందే వెనక నుంచి పొగ! నీలంగా, దట్టంగా, వీధి మొత్తం కమ్మేసింది. డ్రిల్లు మేస్టారు ఇల్లు అంటుకుందనుకుని బకెట్టుతో పరిగెత్తుకొచ్చారు. కారు దగ్గి దగ్గి ఆగిపోయింది.

నలుగురం కలిసి తోసుకొచ్చాం. మా ఆవిడ తిడుతుందని సిద్ధపడ్డాను. తిట్టలేదు. వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"రోజూ చూశానండీ. రోజూ పోశాను. ఈసారైనా నా వల్ల ఏ తప్పూ ఉండకూడదనుకున్నా."

అంతే అంది. తిట్టినా బావుండేది.

బానెట్ ఎత్తి గేజు లాగాను. కింద గీత పక్కన ఆకురాయి గీరిన మెరుపు. నా ఆకురాయి. షెడ్డు తలుపు వెనక మేకుకి అసలు గేజు, ఏమీ తెలియనట్టు వేలాడుతోంది! పదిహేడు రోజులుగా ఇంజిన్లో ఉన్నది నా డూప్లికేట్. నిండు కడుపు మీద పాపం ఆవిడ రోజూ వడ్డిస్తూనే ఉంది.



బాబాయిని లాక్కొచ్చాను. అసలు గేజు ముంచి చూసి మొహం చిట్లించాడు. "తక్కువైతే ఎంత ప్రమాదమో ఎక్కువైనా అంతేరా. లోపల చిలికి నురగైపోయింది. ఎవడా తెలివైనవాడు?"

"పాత సీళ్లు కదా బాబాయ్..." అని నసిగాను.

సరిగ్గా అప్పుడే పొగ కబురు విని వీడియో దిగాడు. నా చేతిలో రెండు గేజులు చూశాడు. అక్క మొహం చూశాడు. వాడు నవ్వి ఉంటే భరించేవాణ్ని.

"బావా, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నేనే చెప్పాను. గీతలు, చొక్కా చెయ్యి, మేకు, మొత్తం. చివరిదాకా వింది.

"మీతో పరీక్షయ్యాక మాట్లాడతా" అని లోపలికి వెళ్లింది.

బాబాయి ఉన్నదంతా దించి, ఫిల్టర్ మార్చి, ప్లగ్గులు తుడిచి, చిక్కటిదే కొలిచి పోశాడు. కింద అట్టముక్క పరిచాం. పొద్దుటికి దాని మీద మరక పడితే సీలు పోయినట్టేనట.

మార్చి 27, గురువారం

అట్టముక్క శుభ్రంగా ఉంది. మూడుసార్లు వంగి చూశాను. నడుం పట్టేసింది. ఎవరికీ జాలి లేదు.

మార్చి 28, శుక్రవారం

పరీక్ష మైదానం గోడ వెనక నేను, వీడియో. దగ్గర నిలబడొద్దని ఆర్డరు.

స్టార్ట్ చేసింది. నా చూపంతా సైలెన్సర్ మీదే. పొగ లేదు. ముందుకి, మలుపు, ఎత్తు మీద ఆపి మళ్లీ తియ్యడం. వెనక్కి జరిగింది కదా? లేదు, లేదు! ఇక రివర్సు. కిందటి రెండుసార్లూ తప్పింది ఇక్కడే. వీడియో నా చెయ్యి పట్టుకున్నాడు. నేను వాడి చొక్కా పట్టుకున్నాను. ఒక్క కోను కూడా పడలేదు.

పాస్!!

పరీక్షాధికారి కారు చుట్టూ తిరిగి, "పాతదైనా బాగా చూసుకుంటున్నారమ్మా" అన్నాడట. ఆవిడ వచ్చి ఆ మాట చెప్పి నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

వచ్చేటప్పుడు తనే నడిపింది. వీడియో ముందు సీట్లో, నేను వెనక. తుక్కు కొట్టు సందు దగ్గర స్లో చేసింది. ఇండికేటర్ వేసింది! నేను తలుపు పిడి పట్టుకున్నాను.

తర్వాత ఇండికేటర్ ఆపేసి నేరుగా పోనిచ్చింది. "పని చేస్తోందా లేదా చూశానంతే" అంది. ముందు సీటు కిసుక్కుమంది.

మార్చి 30, ఆదివారం

ఇవాళ్టి నుంచి మళ్లీ మొదలు! ఈసారి నిజం.

అలారం లేకుండా లేచాను. ఇంజిన్ చల్లగా ఉంది, నేనూ చల్లగా ఉన్నాను. గేజు లాగాను, తుడిచాను, ముంచాను, లాగాను.

కింద గీతకి దిగువన ఆయిల్!

కారిపోయిందా? సీలు పోయిందా? ఆవిడ లేచేలోపు నింపేద్దామని షెడ్డులోకి పరిగెత్తి, డబ్బా తెచ్చి, మూత విప్పి, వంచబోతూ ఎందుకో గేజుని వెలుతురులో పెట్టి చూశాను.

ఆకురాయి మెరుపు.

తలెత్తితే వంటింటి కిటికీలో రెండు మొహాలు. మా ఆవిడ నోట్లో కాఫీ ఉండగా నవ్వలేక, మింగలేక తిప్పలు పడుతోంది. వీపు వెనక నుంచి అసలు గేజు తీసి ఊపింది. పక్కన వీడియో ఫోన్ పట్టుకుని ఇదంతా వీడియో తీస్తున్నాడు!

ఈ ఇంట్లో ఆ విద్య నాకొక్కడికే వచ్చనుకున్నాను ఇన్నాళ్లూ.

సరే. కొత్త నియమాలు, సంతకంతో సహా:

1. ప్రతి ఆదివారం గేజు. ముందు అది అసలుదో కాదో చూసుకోవాలి.
2. ఐదు వేలు లేదా ఆర్నెల్లు. చిక్కటి ఆయిలే.
3. ఎవర్నీ ఆటపట్టించకూడదు. ఇది మాత్రం రేపటి నుంచి. వీడియో వెళ్తూ వెళ్తూ స్కూటర్ తాళంచెవి మా బల్ల మీద మర్చిపోయాడు. షాపు ఇవాళ తెరిచే ఉంటుంది.