మేడ మీద మోకాళ్ల క్యాంపు

ఆదివారం రాత్రి, నరసరావుపేట

కోపం ఇంకా దిగలేదు. మోకాలి మార్పిడి ఎవరికి అవసరమో చూసే ఉచిత క్యాంపును తీసుకెళ్లి మేడ మీద పెట్టారు. చాలామంది ఆడవాళ్లు మెట్లు చూసి వెనక్కి వెళ్లిపోయారు. మిరప కల్లాల్లో గొంతుక్కూర్చుని తాలుకాయలు ఏరీ ఏరీ మోకాళ్లు అరిగిపోయిన మా పక్కింటి మస్తాన్‌బీ పిన్ని మాత్రం మెట్టు మెట్టుకీ కూర్చుంటూ, చేతులతో ఒళ్లు పైకి నెట్టుకుంటూ ఎక్కింది; వెనకే నేనూ ఎక్కాను.

“మెట్లెక్కి వచ్చావుగా అమ్మా, ఇంక ఆపరేషన్ దేనికి?” అన్నాడు డాక్టరు.

“ఎక్కలేనోళ్లు కింద నుంచే పోయారు. వాళ్లనెవరు రాసుకుంటారు?” అన్నాను.

“వచ్చినవాళ్లనే రాసుకుంటామండీ. ఆ లెక్కే పైకి పంపుతాం. ఇక్కడ అవసరం తక్కువే.”

రేపు ప్రభుత్వం నమ్మేది ఈ మాటనే. నేనింకా వాదిస్తుంటే పిన్ని నా చొక్కా లాగింది.

“అరవమాక అబ్బాయ్. ముందు నేను దిగేదెట్టాగో చూడు.”