ఈత మాస్టారు మా ఇంట్లో ఉన్న రోజులు

ఫిబ్రవరి 3

మళ్ళీ చెయ్యిచ్చారు. ఈసారి మొగుడూ పెళ్ళాలు. వచ్చే వారం మా ఇంట్లో ఉండటానికి ఒప్పుకున్నవాళ్ళు, నేను కట్టుడు పళ్ళ ల్యాబ్‌లో పనిలో ఉండగా మెసేజ్ పెట్టారు. సముద్రం కనిపించే ఇల్లొకటి దొరికిందట. ఏమీ అనుకోవద్దట. చివర ఓ నవ్వు ముఖం బొమ్మ. అప్పుడు నా చేతిలో ఎవరిదో కింది పళ్ళ సెట్టు ఉంది. ఆ పళ్ళతోనే కొరికేయాలన్నంత కోపం వచ్చింది.

ఈ వెబ్‌సైట్‌లో మెంబర్‌నై ఏడాది దాటింది. చదవడానికి ఎంత ముచ్చటగా ఉంటుందో. మనం ఊరెళ్తే ఎవరో వచ్చి మన ఇంట్లో ఉంటారు, మన కుక్కనో పిల్లినో చూసుకుంటారు. వాళ్ళకి చోటు, మనకి నిశ్చింత. ఇప్పటిదాకా నాకు దక్కిన నిశ్చింత ఇదీ: ఒకావిడ టాక్సీ దిగి, మా కుక్క మొద్దుని చూసి, ఫోటోలో ఇంత పెద్దగా లేడే అని అదే టాక్సీలో వెళ్ళిపోయింది. ఒక స్టూడెంట్ స్నేహితుల్ని పిలుచుకుని, కుక్క అడ్డమని బాత్రూమ్‌లో పెట్టి గడియ వేశాడు. ఇంకొకావిడ అసలు రానేలేదు, వచ్చినట్టు రివ్యూ మాత్రం రాసింది.

చెల్లికి పన్నెండున ఆపరేషన్. గర్భసంచి తీసేస్తారు. అక్కా, నువ్వుంటేనే నాకు ధైర్యం అని రోజూ ఫోన్. పక్కింటావిడకి కుక్కంటే భయం. కుక్కల హాస్టల్‌లో పెడితే మొద్దు మంచినీళ్ళు కూడా ముట్టడు. ఎవర్ని పట్టుకోవాలి?

ఫిబ్రవరి 5

మా ఇంటి ప్రకటన మళ్ళీ రాశాను. ముసలి కుక్క, నెమ్మదస్తుడు, నిద్రపోతు. ఇంటికి ఎండ బాగా వస్తుంది.

ఫిట్స్ సంగతి తీసేశాను. ఆ ఒక్క లైను చూసే అందరూ పారిపోతున్నారేమోనని నా అనుమానం. మాత్రలు వేస్తున్నంత కాలం ఫిట్స్ రావు కదా. వచ్చి ఆరు నెలలు దాటింది. నేనేం అబద్ధం రాయలేదు. నిజం ఒకటి తీసేశాను, అంతే.

ఫిబ్రవరి 7

ఒకాయన దొరికాడు! రిటైరైన ఈత కోచ్. భార్య పోయింది. వీడియో కాల్‌లో చూశాను. బట్టతల, ఇంత లావు భుజాలు, పిల్లల గొంతు. నా గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మొద్దుకి ఏ వైపు పడుకోవడం ఇష్టమని అడిగారు. ఏం తింటాడు, ఏం మందులు అన్నారు.

విటమిన్ మాత్ర ఒకటుంది పొద్దున్నా సాయంత్రమూ అన్నాను. నోటికి అంత తేలిగ్గా వచ్చేసింది.

ఫిబ్రవరి 9

ఇది మా మరిది, అంటే చెల్లి మొగుడి ఐడియా. ఇన్నిసార్లు మోసపోయారు, ఇంకా ఎవణ్ణి పడితే వాణ్ణి ఇంట్లో పెడతారా వదినా అని ఓ కెమెరా కొని పంపాడు. చూస్తే ఫోన్ ఛార్జర్ అనుకుంటారు. మాటలు కూడా వినిపిస్తాయి, రికార్డూ అవుతుంది. హాల్లో షెల్ఫ్ మీద నిఘంటువు పక్కన ప్లగ్‌లో పెట్టాను. ఇంట్లో కెమెరా ఉంటే ముందే చెప్పాలని సైట్ రూల్. చెబితే ఇంకేం లాభం? దొంగతనానికి వచ్చేవాడికి తాళం ఎక్కడుందో చెప్పినట్టే కదా.

ఆయన దొంగ కాడని తెలుస్తూనే ఉంది. అయినా పెట్టాను.

ఫిబ్రవరి 10

వచ్చారు. ఒక్క సూట్‌కేసు. చెప్పులు బయటే విప్పి, మొద్దు ముందు నేల మీద కూర్చున్నారు. మొద్దు ఆయన చెవి నాకాడు. బస్సెక్కాక నాకు ఏడుపొచ్చినంత పనైంది, ఇన్నాళ్ళకి ఒక మనిషి దొరికాడని.

ఫిబ్రవరి 12

ఆపరేషన్ బాగా జరిగింది. బయట కుర్చీల్లో కూర్చుని మొదటిసారి కెమెరా తెరిచాను. సోఫాలో ఆయన, ఆయన కాళ్ళ మీద మొద్దు, ఇద్దరూ గురక. హాయిగా అనిపించింది. అక్కడితో ఆపాల్సింది.

ఫిబ్రవరి 14

చెల్లిని ఇంటికి తెచ్చాం. ఇవాళ ఫోన్‌లో చూస్తే హాలు మధ్య స్టూలు వేసుకుని, దాని మీద పొట్ట ఆనించి, ఆయన గాల్లో ఈత కొడుతున్నారు. చేతులు, కాళ్ళు, మెడ తిప్పి ఊపిరి తీయడం, అన్నీ. మొద్దు చుట్టూ తిరుగుతూ మొరుగుతున్నాడు. ఒరేయ్, నువ్వు రెఫరీవా ప్రేక్షకుడివా, తేల్చుకో అంటున్నారు వాడితో.

చెల్లికి చూపించాను. మరిదికి చూపించాను. కాలేజీ నుంచి వచ్చిన చెల్లి కూతురు, పెద్దమ్మా ఇంకోసారి పెట్టవా అంది. నవ్వించొద్దే, కుట్లు ఊడతాయి అని చెల్లి పొట్ట పట్టుకుంది.

ఈత మాస్టారు అని పేరు పెట్టింది మరిదే.

ఫిబ్రవరి 15

టీ టైముకి అందరూ ఈత మాస్టారి సీరియల్ పెట్టమన్నారు. టీవీకి కలిపాడు మరిది.

ఇవాళ ఈత లేదు. ఆయన ఫోన్ చేతిలో పట్టుకుని మొద్దు ఎదురుగా కూర్చున్నారు. ఎవరికీ కాల్ చేయలేదు. ప్రాక్టీసు చేస్తున్నారు. అమ్మలూ, నేనేరా, ఊరికే చేశా. ఆపి, మళ్ళీ మొదటి నుంచి. అమ్మలూ, బాగున్నావా, నాకేం, రాజాలా ఉన్నా, ఇక్కడ పెద్ద ఇల్లు. ఉహూఁ అని తల అడ్డంగా ఊపుకున్నారు. మళ్ళీ. అమ్మలూ, ఇళ్ళు మారీ మారీ విసుగొచ్చిందిరా, కొన్నాళ్ళు మీ దగ్గర ఉంటా. అప్పుడు మొద్దు మొహంలోకి వంగి, ఎన్నాళ్ళుంటావు నాన్నా అంటే ఏం చెప్పాలిరా మొద్దూ అన్నారు.

ఫోన్ చేయకుండానే జేబులో పెట్టుకుని లేచారు.

అప్పుడు అర్థమైంది నాకు, ఆయనకి ఇల్లు లేదని. ఈ సైట్‌లో దొరికిన ఇళ్ళే ఆయన ఇళ్ళు. చెల్లి కూడా టీ కప్పు పక్కన పెట్టేసింది. మరిది మాత్రం పగలబడి నవ్వాడు.

భోజనాల దగ్గర, మీ మరిది రేపు ఆఫీసుకి వెళ్తారో లేదో అని చెల్లి ఏదో అంటే, నేను మెడ వంచి, ఆయన గొంతు పెట్టి, ఏం చెప్పాలిరా మొద్దూ అన్నాను. అచ్చం అలాగే వచ్చింది. బల్ల బల్లంతా గొల్లున నవ్వింది. నా మాటకి జనం అలా నవ్వడం నా జన్మలో చూడలేదు. ఇంకోసారి చేయమన్నారు. చేశాను. మరిది ఆ రికార్డు టీవీలో మళ్ళీ పెట్టి, నన్నూ, టీవీ మీద ఆయన్నీ ఫోన్‌లో వీడియో తీశాడు.

ఫిబ్రవరి 16

ఇవాళ చూడకూడదనుకున్నాను. చూశాను.

ఫిబ్రవరి 17, మధ్యాహ్నం

రాయాలని లేదు. అయినా రాస్తున్నాను.

చెల్లికి సూప్ ఇచ్చి ఫోన్ తీశాను. మొద్దు నేల మీద. కాళ్ళు కొట్టుకుంటున్నాడు. నోట్లో నురుగు. ఆయన వాడి తలని ఒళ్ళో పెట్టుకుని, పళ్ళ మధ్య స్పూన్ దూర్చాలని చూస్తున్నారు. చెయ్యంతా రక్తం. మొద్దూ, మొద్దూ, ఏమైందిరా అని ఒకటే అరుపు.

ఆలోచించలేదు. కాల్ చేశాను. ఆయన ఎత్తి స్పీకర్లో పెట్టారు. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాను. స్పూన్ తీసేయండి, నోట్లో చెయ్యి పెట్టకండి, ఆ స్టూలు పక్కకి జరపండి, కర్టెన్ వేసేయండి, తగ్గిపోతుంది, ఇవి ఫిట్స్, వాడికివి ఉన్నవే, తగ్గిపోతుంది. ఆయన చెప్పింది చెప్పినట్టు చేశారు. స్పూన్ తీశారు. స్టూలు జరిపారు. కర్టెన్ వేశారు.

మొద్దు మెల్లగా సద్దుమణిగాడు. ఆయన చొక్కాతో వాడి మూతి తుడిచారు. అప్పుడు తల ఎత్తారు. ఫ్యాన్ వైపు చూశారు. గోడ గడియారం వైపు చూశారు. తర్వాత షెల్ఫ్ వైపు. సరిగ్గా నా కళ్ళలోకి.

డాక్టర్ అడ్రస్ చెప్పండమ్మా అన్నారు.

ఫిబ్రవరి 17, సాయంత్రం

మొద్దు బాగున్నాడు. ఆయన వేలికి కుట్లు పడ్డాయి.

డాక్టరు నాకు ఫోన్ చేసి గట్టిగా తిట్టాడు. మాత్ర ఆపితే ఫిట్స్ రాక ఏమొస్తాయి, ఆ పెద్దాయనకి చెప్పలేదా అని. మూడు రోజులుగా మొద్దు మాత్ర ఉమ్మేస్తున్నాడట. విటమినే కదా, వాణ్ణెందుకు బాధ పెట్టడమని ఊరుకున్నారట ఆయన. డాక్టర్ దగ్గర తప్పంతా తన మీద వేసుకున్నారట.

ఎక్కడ దాక్కోవాలో తెలియక చెల్లి వాళ్ళ బాల్కనీలో బట్టలు మడతపెడుతూ కూర్చున్నాను. అవి ఇంకా ఆరనే లేదు.

ఫిబ్రవరి 18

ఆయన దగ్గర్నుంచి మెసేజ్. మొద్దు పాలు తాగాడు, మాత్ర మింగించాను, కంగారు పడకండి. కింద ఇంకో లైను: నేను మొద్దుతో ఏవో మాట్లాడుతుంటాను, మీరు విని ఉంటే మీలోనే ఉంచుకోండమ్మా.

అయ్యో, నేనేం వినలేదండీ, కెమెరాలో సౌండ్ రాదు అని రాశాను.

ఫిబ్రవరి 19

మొద్దు పరుపుని షెల్ఫ్ ఎదురుగా, కెమెరాలో సరిగ్గా మధ్యన కనిపించేలా లాగి వేశారు. ఆయన హాల్లోకి రావడం మానేశారు. పొద్దున ఒక కట్టు కట్టిన చెయ్యి వచ్చి మాత్ర వేసింది, తల నిమిరింది, వెళ్ళిపోయింది. సాయంత్రం మళ్ళీ ఆ చెయ్యే. నాకు చూపించాల్సింది ఎంతో అంతే చూపిస్తున్నారు.

యాప్ తీసేశాను. ఇప్పుడు తీసేసి ఏం సాధించినట్టు?

ఫిబ్రవరి 20

ఆ వీడియో ఫ్యామిలీ గ్రూపులో ఉంది. మరిది పదిహేనునే పెట్టాడట. నాకు ఆ గ్రూపు చూసే అలవాటు లేదు. బాబాయి కొడుకు ఫోన్ చేసి, అక్కా నీలో ఇంత కళ ఉందని తెలీదే, మా ఆఫీసులో అందరం ఏం చెప్పాలిరా మొద్దూ అనే పలకరించుకుంటున్నాం అన్నాడు.

మరిదిని తీసేయమన్నాను. తీసేశాడు పాపం. కానీ పోయినవి పోయాయి కదా వదినా, ఇప్పుడు ఎవరెవరి దగ్గరుందో నాకేం తెలుసు అన్నాడు. అయినా ఆ ముసలాయనకి తెలిసేదెలా, మీరు మరీనూ అన్నాడు. చెల్లి తల దించుకుంది. చెల్లిని అనడానికి నాకు నోరెక్కడిది?

ఫిబ్రవరి 24

ఇంటికొచ్చాను. ఆయన లేరు. నాకు ఎదురుపడటం ఇష్టం లేక పొద్దున్నే వెళ్ళారు కాబోలు. తాళం పక్కింటావిడకి ఇచ్చారు. ఆవిడ నన్ను ఆపి, కుక్కలంటే భయం పోగొడతానని ఆయన నాచేత మీవాడికి బిస్కెట్ పెట్టించారు తెలుసా అని ముచ్చటగా చెప్పింది. మళ్ళీ ఎప్పుడొస్తారు అని అడిగింది.

ఇల్లు నేను ఉంచిన దానికంటే శుభ్రంగా ఉంది. బల్ల మీద కెమెరా. వైరు చుట్టి రబ్బరు బ్యాండ్ వేసి ఉంది.

మొద్దు నా వాసన చూసి, నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూశాడు.

ఫిబ్రవరి 27

సైట్‌లో రివ్యూ రాశారు. ఇల్లు చక్కగా ఉంటుంది. మొద్దు మంచి స్నేహితుడు. వాడికి ఫిట్స్ వస్తాయి, ఆ మాత్రలు మానకూడదు, వస్తే నోట్లో ఏమీ పెట్టొద్దు, చీకటి చేసి పక్కన కూర్చోండి, భయపడకండి. చివర అయిదుకి అయిదు స్టార్లూ.

కెమెరా మాట లేదు.

ఆ రివ్యూ చూసి ఇవాళ ఒక్కరోజే ముగ్గురు రాశారు, ఎప్పుడు ఊరెళ్తారో చెప్పండి, మేమొచ్చి చూసుకుంటామని. ఒకావిడ నర్సు. ఏడాదిగా వీళ్ళంతా ఎక్కడున్నారు? కోరుకున్నది ఇదే. ఒక్కరికీ జవాబివ్వలేకపోయాను.

మార్చి 2

సైట్ వాళ్ళకి నేనే రాశాను, కెమెరా సంగతి, మాత్రల సంగతి. మెంబర్‌షిప్ ఆపేశారు. కాస్త తేలికపడతాననుకున్నాను. వీడియో సంగతి వాళ్ళకి చెప్పలేదు. అది చెప్పాల్సింది వాళ్ళకి కాదు.

చెల్లి ఫోన్ చేసింది. చెప్పొద్దక్కా, తెలియకపోతే ఆయన హాయిగా ఉంటాడు, చెప్పి నీ బరువు ఆయన మీద దింపుతావా అంది. నిజమేమో. కానీ రేపు ఏ ఇంట్లోనో, ఏ కుర్రాడో ఆయన మొహం గుర్తుపట్టి ఆ మాట అంటే?

మార్చి 3

నంబరు నొక్కాను. మోగకముందే కట్ చేశాను.

మార్చి 6

చేశాను. ఆయన ఎత్తారు. అంతా చెప్పాను. ఎవరెవరు చూశారో, ఎక్కడెక్కడికి వెళ్ళిందో.

ఆయన ఒకటే అడిగారు, మీరూ నవ్వారామ్మా అని.

నవ్వించింది నేనే అన్నాను.

ఆయన ఫోన్ పెట్టేయలేదు. స్పీకర్లో ఆయన ఊపిరి విని మొద్దు లేచి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.