ముక్కల డబ్బా

ఏమండీ,

ఎలా ఉన్నారు? నేను, జయను. మీరు వెళ్ళిపోయి పదకొండు నెలలు దాటింది. ఇన్నాళ్ళూ మీతో మాట్లాడటమంతా మనసులోనే జరిగిపోయింది. ఈ రోజు కాగితం తీశాను. అంగట్లో, మీ కుర్చీలోనే కూర్చొని రాస్తున్నాను. మధ్యాహ్నం మూడు కావస్తోంది. ఈ వేళకు చందాపురలో మన బేకరీ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

పొద్దుటి షిఫ్టు వాళ్ళు ఇళ్ళకు చేరిపోయారు. తర్వాతి షిఫ్టు వాళ్ళు ఫ్యాక్టరీల్లోకి వెళ్ళిపోయారు. పిల్లలను ఇంకా బడి నుంచి వదలలేదు. రోడ్డు మీద బెంగళూరు-హోసూరు బస్సులు పోతూనే ఉన్నాయి గానీ మన మెట్టెక్కే మనిషి లేడు. ఫ్యాను కింద నేను, నా చుట్టూ గాజు సీసాలు... ఖారా బిస్కెట్లు, నిప్పట్లు, వెన్నతో చేసిన బెణ్ణె బిస్కెట్లు, అద్దాల బీరువాలో కొబ్బరి కూరిన దిల్‌పసంద్.

ముందు మంచి కబుర్లు. అంగడి నడుస్తోంది. భట్టీ దగ్గర మాస్టర్ మునిరాజు మానలేదు. మీరున్నప్పుడు ఎంత గొణిగేవాడో ఇప్పుడూ అంతే గొణుగుతాడు, పని మాత్రం ఆపడు. బెణ్ణె బిస్కెట్టు రుచి మారలేదని పాత గిరాకీలు చెబుతున్నారు. ఎలక్ట్రానిక్ సిటీలో మన శిల్ప, అల్లుడు బాగున్నారు. ఆదివారం ఆదివారం వచ్చి పోతున్నారు.

ఇక చెడ్డ కబురు... నేను లావయ్యాను.

నవ్వకండి. కొంచెం కాదు. రవికెలన్నీ కుట్లు విప్పించాను, ఇంక విప్పడానికి కుట్టే లేదని దర్జీ అమ్మాయి చేతులెత్తేసింది. మెట్టు దిగితే మోకాలు అరుస్తోంది. రక్త పరీక్ష చేయిస్తే షుగరు గీత మీద నిలబడి ఉందన్నారు. ఇవతలికి వస్తుందో అవతలికి పోతుందో నా నోటిలోనే ఉందట.

మీకు ఆ రేకు డబ్బా గుర్తుందా? ట్రేలు దించేటప్పుడు విరిగిన బిస్కెట్లు, కేకుల అంచులు, చిట్లిన నిప్పట్లు అందులో వేసి బయట బల్ల మీద పెట్టేవాళ్ళు మీరు. పక్కన టీ తాగే కూలివాళ్ళు ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకునేవాళ్ళు. మీ కర్మకాండలన్నీ అయ్యి, నేను అంగట్లో కూర్చున్న మొదటి వారంలో పెద్ద వాన వచ్చింది. తడుస్తుందని డబ్బాను లోపలికి తెచ్చాను. వాన వెలిసింది. డబ్బా మాత్రం నా కాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

ఒక్క ముక్క... ముక్కే కదా? అమ్మేది కాదు, పారేసేదీ కాదు. ముక్కలు తింటే తిన్నట్టా? అలా అనుకుంటూ సాయంత్రానికి డబ్బా అడుగు చూసేదాన్ని.

ఇంకో మాట. సిగ్గుగా ఉంది, అయినా మీకు కాక ఎవరికి చెప్పుకుంటాను? ఒక రోజు డబ్బాలో ఏమీ లేదు. మునిరాజు చేయి తిరిగినవాడు, ఆ రోజు ఒక్క బిస్కెట్టూ విరగలేదు. నేను సీసా మూత తీసి, మంచి బిస్కెట్టు ఒకటి తీసుకుని, రెండుగా విరిచి డబ్బాలో వేశాను. వేసి, మళ్ళీ డబ్బాలోంచి తీసి తిన్నాను. చూసేవాళ్ళు ఎవరూ లేరు. ఆ నాటకం ఎవరి కోసం ఆడానండీ?

ఆకలి కాదు. అది నాకు తెలుసు. సాయంత్రాలు నేను సీరియల్ ముందు కూర్చొని కారప్పూస డబ్బా ఒళ్ళో పెట్టుకుంటే మీరు అడిగేవాళ్ళు... "జయా, ఆకలి అయితాండాదా, లేకుంటే సుమ్నే నోరు ఆడాలనా?" నాకు ఒళ్ళు మండేది. ఆ 'సుమ్నే' నాకు, ఊరికే కూర్చొని తింటున్నానని అన్నట్టు వినబడేది. నా ముద్దలు లెక్కపెడుతున్నారా అని అరిచేదాన్ని. మీరు నవ్వి లేచిపోయేవాళ్ళు. ఇప్పుడు ఎంత తిన్నా అడిగే దిక్కు లేదు. అడగరు గనుకే ఇంకా తిన్నానేమో...

శిల్పకు విషయం తెలిసింది. రిపోర్టు చూసి ఏడ్చింది, తర్వాత కోప్పడింది. దానికి మీ ముక్కు, నా నోరు వచ్చాయి కదా. చుట్టూ తీపి పెట్టుకుని కూర్చుంటే షుగరు ఎలా తగ్గుతుందమ్మా, ఎవరో మొబైల్ షాపు పెట్టుకుంటామని అడుగుతున్నారు, అద్దెకిచ్చేసి మా ఇంటికి వచ్చెయ్ అంది. దాని మాటలో తప్పు లేదు. నాన్నను పోగొట్టుకున్న పిల్ల, అమ్మనైనా కాపాడుకోవాలనుకుంటోంది.

కానీ ఈ గోడలకు ఫోన్ కవర్లు వేలాడటం నేను ఊహించుకోలేకపోయాను. మీ సంవత్సరీకం దాకా గడువు ఇమ్మని అడిగాను. అప్పటికి పరీక్షలో మార్పు కనబడకపోతే తాళాలు నీ చేతిలో పెడతాను అన్నాను. అనేశాను గానీ, ఆ రాత్రంతా భయమే. నా నోటిని నేను కట్టుకోలేక మీ అంగడి పోతుందా?

మొదట మొండిగా దిగాను. పొద్దున టిఫిన్ మానేశాను, మధ్యాహ్నం అన్నం మానేశాను. ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించడానికి మనసూ రాలేదు లెండి. మూడింటి దాకా మహా నిష్ఠగా ఉన్నాను. ఆ తర్వాత అద్దాల బీరువా తెరిచి, నిలబడే, ఒక దిల్‌పసంద్‌లో సగం లాగించాను! మర్నాడు దానికి ప్రాయశ్చిత్తంగా మళ్ళీ పస్తు... మళ్ళీ మూడయ్యేసరికి అదే కథ. కుక్క తోక సామెత ఎవరి కోసం పుట్టిందో ఆ వారం నాకు బాగా అర్థమైంది.

అప్పుడు మీ మాటే పనికొచ్చింది. "నిలబడి తింటే కడుపుకు తెలీదప్పా, కూర్చొని తిను." మీరు ఎన్నడూ గల్లాపెట్టె దగ్గర తినలేదు. లోపల గదిలో పీట వేసుకుని, క్యారియర్ విప్పి, తీరిగ్గా తినేవాళ్ళు. ఇప్పుడు నేనూ క్యారియర్ తెచ్చుకుంటున్నాను. ఒక ముద్ద సంగటి, ఉలవచారు, ఏదో ఒక ఆకుకూర, మజ్జిగ. మీ పీట మీదే కూర్చుంటున్నాను. ఒక్కదానికి వండటం మొదట్లో ఏడుపు తెప్పించింది. రెండు గ్లాసుల బియ్యం కొలిచి, ఒక గ్లాసు మళ్ళీ డబ్బాలో పోసిన రోజులున్నాయి. అయినా వండాను. కడుపు నిండుగా ఉంటే మూడింటి గండం సగం తేలికైంది.

మిగతా సగమే తేలలేదు. కడుపు నిండే ఉంటుంది, చేయి మాత్రం డబ్బా వైపు పోతుంది. ఎందుకు ఆ వేళకే? పొద్దున పోదు, సాయంత్రం గిరాకీలో అసలు గుర్తే రాదు...

ఒక రోజు మీ పటానికి పూలు కావలసి వచ్చి మెట్టు దిగాను. మన మెట్ల పక్కన బండ మీద పూలు కట్టే నాగరత్న నన్ను చూసి, మీ ఇంటాయన దిగే టైముకు సరిగ్గా వచ్చినావే అక్కా అంది. ఏ టైము అన్నాను. ఆవిడ ముందు నవ్వింది, తర్వాత నా మొహం చూసి అన్నీ చెప్పింది.

మీ అమ్మగారు పోయిన ఏడాది మీరూ ఇలాగే తిన్నారట కదా? సీసాలకు సీసాలు ఖాళీ చేశారట. చొక్కా బొత్తాలు పెట్టుకోలేక పైన తువ్వాలు కప్పుకుని కూర్చునేవాళ్ళట. ఒక రోజు విసుగొచ్చి అంగట్లోంచి దిగి నాగరత్న పక్కన కూర్చున్నారట. "ఈ టైములో నేను అంగట్లో ఉంటే బిస్కెట్లను నేను తినేది కాదు నాగమ్మా, అంగడే నన్ను తింటాది" అన్నారట. ఆ తర్వాత రోజూ మూడింటికి దిగిపోయేవాళ్ళట.

ఆ ఏడాది మీరు ఒళ్ళు చేస్తే నేనేమనుకున్నానో తెలుసా? నా చేతి వంట మహిమ అనుకున్నాను! మా అమ్మకు ఫోన్ చేసి మరీ గొప్పలు చెప్పుకున్నాను. మీరు దుఃఖాన్ని తింటున్నారని నాకు తట్టనే లేదు. నాతో ఎందుకు చెప్పలేదండీ?

నాగరత్న ఇంకో మాట చెప్పింది. బండ మీద కూర్చోగానే మీరు చేసే మొదటి పని ఇంటికి ఫోన్ చేయడమట.

అప్పుడు గుర్తొచ్చింది. మూడింటికి రోజూ ఫోన్... "ఏం చేస్తాండావు జయా? కాఫీ తాగితివా?" ఇంతే. వేరే మాట ఉండేది కాదు. వెనక బస్సుల హారన్లు వినబడేవి. మళ్ళీ అంగడి గాలికొదిలేసి రోడ్డెక్కారా, గల్లాపెట్టె ఎవరు చూస్తారు అని నేను తిట్టేదాన్ని. "చూస్తాండాలే, చూస్తాండాలే" అని పెట్టేసేవాళ్ళు. ఎన్నేళ్ళు తిట్టాను మిమ్మల్ని!

మీరు బిస్కెట్టు తినకుండా నాకు ఫోన్ చేసేవాళ్ళు. ఆ ఫోన్ రాని వేళకు నేను బిస్కెట్టు తింటున్నాను. ఇంతే కదండీ నా రోగం? దీనికి రక్త పరీక్షలో పేరు లేదు.

తెలిశాక ఏడ్చాను. నాగరత్న మల్లెమొగ్గల బుట్ట నా ముందుకు జరిపింది. ఆ రోజు నుంచి మూడయితే నేనూ ఆ బండ మీదే. అక్కడి నుంచి మన మెట్టు కనిపిస్తూనే ఉంటుంది, గిరాకీ వస్తే లేస్తాను. ఒక చేతిలో పూలు, ఒక చేతిలో దారం. బిస్కెట్టుకు చేయి ఖాళీ ఉండదు. నేను కట్టే మాలలు కోతి చేతి పూలదండల్లా ఉన్నాయని నాగరత్న నవ్వుతుంది. నవ్వనీ.

శిల్పకు కూడా ఆ వేళకే ఫోన్ చేస్తున్నాను. కాఫీ తాగావా అంటాను. మొదటి రోజు కంగారుపడిపోయింది, ఏమైందమ్మా అని. రెండో రోజు ఫోన్‌లో కరకరమని చప్పుడు వినబడింది. ఏం తింటున్నావే అంటే చిప్స్ అంది. ఆకలేసిందా అన్నాను. లేదు, ఈ టైముకు నాన్న గుర్తొస్తాడమ్మా అంది. దానికీ ఫోన్ చేసేవాళ్ళటగా మీరు? నాతో మాట్లాడిన తర్వాత దానితో! ఇద్దరం ఫోన్‌లోనే ఏడ్చాం. ఆ రోజు దాని చిప్స్ ప్యాకెట్టు అలాగే ఉండిపోయిందట. రోజూ అలా ఉండిపోతుందని చెప్పను, అది నా కూతురే కదా.

తప్పటడుగులు పడ్డాయి. మీ పుట్టినరోజున డబ్బా మళ్ళీ ఖాళీ చేశాను. కానీ మర్నాడు పస్తు ఉండలేదు. వేళకు సంగటి వండుకున్నాను, పీట వేసుకుని తిన్నాను, మూడింటికి మెట్టు దిగాను. ఒక రోజు ఓడితే రెండో రోజు కూడా దానికి ధారపోయకూడదని నేర్చుకున్నాను.

మొన్న మళ్ళీ పరీక్ష చేయించాం. షుగరు కొంచెం దిగింది. పూర్తిగా కాదు, గీతకు ఇవతలికి జరిగింది. ఇలాగే సాగమన్నారు. శిల్ప ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మొబైల్ షాపు వాళ్ళకు లేదని చెప్పేస్తానమ్మా అంది. అంగడి ఉందండీ. మీ అంగడి ఉంది. నేనూ ఉంటాను.

ఈ పొద్దున ముక్కల డబ్బాను కడిగి, ఎండబెట్టి, బయట బల్ల మీద పెట్టాను. సెంట్రింగ్ పనివాళ్ళు టీ గ్లాసులతో వచ్చి చూసి, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయిందమ్మా డబ్బా అని అడిగారు. లోపల ఉండింది నాయనా అన్నాను. అంతకంటే ఏం చెప్పను?

వచ్చే వారం మీ సంవత్సరీకం. మీ ఆకులో అన్నీ వడ్డిస్తాను, బెణ్ణె బిస్కెట్లు కూడా పెడతాను. మీరు తిన్న తర్వాత ఒకటి నేను తీసుకుంటాను. పళ్ళెంలో పెట్టుకుని, మీ పీట మీద కూర్చొని, అందరి ఎదురుగా తింటాను. విరవను. ముక్క చేసి, ముక్కే కదా అని నన్ను నేను మోసం చేసుకోవడం ఇక ఉండదు. ఇది మీకు నా మాట.

మూడు దాటింది, లేస్తున్నాను. మెట్టు దిగి శిల్పకు ఫోన్ చేయాలి. వెనక బస్సుల మోత వినబడితే, మళ్ళీ అంగడి వదిలేసి రోడ్డెక్కావా అమ్మా అని తిడుతుంది.

చూస్తాండాలే అని చెబుతాను.

మీ
జయ