పోయినవాడి పేరు మీద ముప్పై ఒక్క ఆటలు

నరసరావుపేట,
జూన్ 9.

పిచ్చుక గేమ్స్ ఆఫీసులో ఫిర్యాదులు చూసే పెద్దమనిషి గారికి, మల్లమ్మ సెంటరులో స్టీలు సామాన్ల కొట్టు మురళీధర్ నమస్కారం. మీరంతా బాగున్నారనుకుంటాను. మేం బాగుంటే మీకు ఉత్తరమెందుకు రాస్తాం.

మీ యాప్‌లో సాయం కావాలని నొక్కితే ఒక పిచ్చుక బొమ్మ రెక్కలాడిస్తూ వచ్చింది. "మా తమ్ముడు పోయాడమ్మా" అని తెలుగులో కొట్టాను. "సూపర్! ఇంకేమైనా సాయం కావాలా?" అంది. అందుకని పోస్టాఫీసు మెట్లెక్కాను.

నా తమ్ముడు అరుణ్ కుమార్, ముప్పై ఆరేళ్ళవాడు, కిడ్నీలు చెడి మార్చి నెలలో గుంటూరు ఆస్పత్రిలో పోయాడు. పెళ్ళి కాలేదు. వాడు సంపాదించుకున్నదల్లా టీవీకి తగిలించి ఆడే వీడియో ఆటలు. డిస్కులు ఆరు, మీ స్టోర్లో డబ్బు కట్టి దింపుకున్నవి ముప్పై ఒకటి. అవన్నీ సుభానీకి ఇవ్వమన్నాడు.

సుభానీది మా కొట్టుకి ఎదురుగా పాత డిస్కుల షాపు. ఆడేసిన ఆట తెచ్చిస్తే తీసుకుని, పైన కాస్త డబ్బు వేయించుకుని ఇంకొకటి ఇచ్చేవాడు. వాడూ మావాడూ పదేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగారు. మీ స్టోరు వచ్చాక మావాడు షాపు నిండా జనం ఉండగా "ఇంకా డిస్కులెవడు కొంటాడ్రా సుభానీ" అని నోరు జారాడు. ఆ తర్వాత ఊరంతా అదే మాట అంది. సుభానీ ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముకుంటున్నాడు. మూడేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు. ఆస్పత్రిలో మావాడు నన్ను అడిగింది ఈ ఒక్కటే.

మొన్న డిస్కులు ఆరూ సంచిలో వేసుకెళ్ళి ఇచ్చాను. రోడ్డు దాటేంతసేపు పట్టింది. మిగతా ముప్పై ఒకటి ఎట్లా ఇవ్వాలో చెప్పండి. అమ్మకమని రాసుకుంటారో, దానమని రాసుకుంటారో మీ ఇష్టం.

కాగితం లేందే ఆఫీసులో పని కాదని నాకు తెలుసు. మా నాన్న పోయినప్పుడు కరెంటు మీటరు, గ్యాసు, కొట్టు లైసెన్సు అన్నీ నేనే తిరిగి పేరు మార్పించాను. అందుకే మీరు అడక్కముందే డెత్ సర్టిఫికెట్టు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టు గెజిటెడ్ సంతకంతో మూడేసి కాపీలు జతచేశాను.

ఇట్లు,
కాగితాలన్నీ సరిగ్గా పెట్టానన్న ధీమాతో,
మురళీధర్.

తా.క.: సంతకం పెట్టింది పశువుల డాక్టరు గారు. మీది పిచ్చుక ఆఫీసు కనుక చెల్లుతుందనుకున్నాను.

*

హైదరాబాదు,
జూన్ 16.

ఆర్యా,

మీ ఉత్తరం, జతపరిచిన పత్రాలు అందాయి. మా స్టోరులో ఆటలు విక్రయించబడవు. వాటిని ఆడుకునే అనుమతి మాత్రమే ఖాతాదారుకు ఇవ్వబడుతుంది. ఆ అనుమతిని ఇతరులకు అమ్మడం, ఇవ్వడం, వారసత్వంగా పొందడం కుదరదు.

ఖాతాదారు మరణించినట్లు మీరు ధ్రువపత్రం సమర్పించినందున, నియమాల ప్రకారం సదరు ఖాతా జూలై 16న శాశ్వతంగా మూసివేయబడుతుంది. అందులోని ఆటలన్నీ తొలగించబడతాయి. సత్వరం సమాచారం ఇచ్చినందుకు ధన్యవాదాలు.

భవదీయురాలు,
నిహారిక,
ఫిర్యాదుల అధికారి.

తా.క.: ఈ సేవ మీకు ఎంత సంతృప్తినిచ్చిందో ఐదు నక్షత్రాల్లో తెలుపగలరు.

*

నరసరావుపేట,
జూన్ 20.

ఫిర్యాదుల అధికారి నిహారికమ్మ గారికి, ఫిర్యాదు చేసి చెడిన మురళీధర్ రాసేది.

మీ ఉత్తరం కొట్లో నిలబడి చదివాను. చదివాక కూర్చున్నాను. బేరానికొచ్చిన ఆవిడ "ఏంది మురళీ, ఎవరన్నా పోయారా?" అంది. "ఆల్రెడీ పోయినోడే అత్తా, మళ్ళీ పోతన్నాడంట" అన్నాను.

అమ్మా, నేను బిందె అమ్మి, "ఇది నీకు అమ్మలేదు, నీళ్ళు పట్టుకునే అనుమతి మాత్రమే ఇచ్చాను, నువ్వు పోయిన రోజున మా కుర్రాడొచ్చి పట్టుకుపోతాడు" అంటే, కొన్నావిడ అదే బిందెతో నన్నేం చేస్తుందో మల్లమ్మ సెంటరుకి వచ్చి చూడండి. మా కొట్లో గిన్నె మీద పేరు కొట్టిస్తాం. మనిషి పోతే గిన్నె కరిగిపోదు. ఆ పేరుతోనే ఇంకొకరి వంటింట్లో ఇంకో ముప్పై ఏళ్ళు మోగుతుంది.

సరే, వాదన వద్దు. నేను పంపిన సర్టిఫికెట్లన్నీ తిప్పి పంపండి. అసలు పంపలేదనుకోండి. మావాడు పోయినట్టు మీకు తెలియదు, నేను చెప్పలేదు. నా చేత్తో నేనే వాడి ఆటలకి తద్దినం పెట్టాననే మాట నేను మోయలేను.

ఒక సంగతి ఇంట్లో మా ఆవిడ కనకలక్ష్మికి కూడా చెప్పలేదు. మీరు ముక్కూమొహం తెలియనివారు కనుక చెబుతున్నా. వాడు ఆస్పత్రిలో రోజూ అడిగేవాడు, "అన్నా, సుభానీ కాడికి పోయినావా?" అని. రేపు, రేపు అన్నాను. ఇప్పుడే ఇచ్చేస్తే, ఇక పనేం మిగల్లేదని వెళ్ళిపోతాడేమోనని నాకో పిచ్చి. ఒకరోజు స్నానానికి ఇంటికొచ్చి కూడా రోడ్డు దాటలేదు. తిరిగి వెళ్ళాక, "ఇచ్చేశాన్రా, ముప్పై ఏడూ ఇచ్చేశా. సుభానీ చానా ఏడ్చాడు" అన్నాను. రెండు రోజులకి పోయాడు. జీవితమంతా వాడితో పరాచికాలాడాను. ఆఖరిది ఇదీ. దీన్ని నిజం చేయనివ్వండి, అంతకంటే ఏమీ వద్దు.

ఇట్లు,
మురళీధర్.

తా.క.: నక్షత్రాల సంగతి అడిగారు. మావాడు పోయింది మంచి నక్షత్రం కాదు, ఇల్లు ఆర్నెల్లు మూసెయ్యమన్నారు పురోహితుడు గారు. ఇల్లే మూయలేదు మేం. మీరు ఖాతా మూస్తామంటారేంటి?

*

హైదరాబాదు,
జూన్ 27.

ఆర్యా,

ఒకసారి నమోదైన మరణాన్ని వెనక్కి తీసుకునే వీలు లేదు. మూసివేతపై అభ్యంతరం ఉన్నచో, ఖాతాదారు స్వయంగా, రాతపూర్వకంగా, తన సంతకంతో తెలుపవలెను.

భవదీయురాలు,
నిహారిక,
ఫిర్యాదుల అధికారి.

తా.క.: పై వాక్యం నియమావళిలో ఉన్నది ఉన్నట్టు రాశాను. టైపు చేశాక రెండుసార్లు చదువుకుని సిగ్గుపడ్డాను. మార్చే అధికారం నాకు లేదు.

*

జూలై 1.

నిహారిక గారికి, ఖాతాదారు అరుణ్ కుమార్ స్వయంగా, రాతపూర్వకంగా, సంతకంతో తెలుపుకునేది.

నేను పోలేదు. పోయానని మా అన్న పొరబడ్డాడు. ఆయనకిది అలవాటే. పదో తరగతి మూడుసార్లు రాసి, మూడుసార్లూ పాసయ్యానని పొరబడ్డాడు. నాకొచ్చిన మొదటి సంబంధం వాళ్ళతో, నవ్వుతారు కదా అని, "మావోడికి టీవీలో ఇద్దరు పెళ్ళాలు, ఇంట్లో ఎవరూ లేరు" అన్నాడు. వాళ్ళు కాఫీ సగంలో వదిలేసి లేచారు. రెండో సంబంధం రాలేదు. నేను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది, ఆయన ఇన్నాళ్ళు దాన్ని నమలకుండా ఉండేవాడు.

ప్రస్తుతం నేను కొంచెం దూరంలో ఉంటున్నాను. ఇక్కడ సిగ్నల్ లేదు, కనుక ఓటీపీ పంపొద్దు. ఆరోగ్యం బాగానే ఉంది. డయాలిసిస్ మానేశాను. నీళ్ళు కొలుచుకుని తాగాల్సిన పని కూడా లేదు.

నా ఖాతా మూయవద్దు. ఆ ఆటలు సుభానీవి. అన్న ఇచ్చేశానన్నాడు, నేను నమ్మాను. సుభానీ ఏడ్చాడన్నప్పుడు "ఊ" అని కళ్ళు మూసుకున్నాను. నమ్మినవాడే కదా అట్లా కళ్ళు మూసుకునేది? నమ్మే ఉంటాను. మీరు కూడా రికార్డులో అట్లాగే రాసుకోండి.

ఇట్లు,
ఎ. అరుణ్ కుమార్.

తా.క.: సంతకం పాతదానితో కలవకపోతే మన్నించండి. సెలైను పెట్టిన చెయ్యి.

*

హైదరాబాదు,
జూలై 10.

మురళీధర్ గారికి,

ఇది ఆఫీసు కాగితం కాదు, ఇంట్లో కూర్చుని నా నోటుపుస్తకంలోంచి చింపి రాస్తున్నాను. మాదీ మీ వైపే, క్రోసూరు. మా ఆఫీసులో తెలుగు ఉత్తరాలు చదివేది నేనొక్కదాన్నే. అరుణ్ గారి పేరుతో వచ్చింది ఎవరు రాశారని నేను అడగను.

ఖాతా మూసేముందు అందులోని పాత సందేశాలన్నీ చదివి సంతకం పెట్టాలి. నిన్న అవి తెరిచాను. మార్చిలో, మీరు ఇచ్చేశానని చెప్పిన రోజునే కాబోలు, మీ తమ్ముడు ఆస్పత్రి నుంచి మాకో సందేశం పంపారు. ఫిర్యాదు కాదని ఎవరూ తెరవలేదు. బయటివాళ్ళకి చూపితే నా ఉద్యోగం పోతుంది. మీరు బయటివాళ్ళని నాకనిపించలేదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"నమస్తే అండీ. మా అన్న నా ఆటలన్నీ సుభానీకి ఇచ్చేశానన్నాడు. ఇప్పుడే ఫోన్లో చూశా, ముప్పై ఒకటీ ఈడనే ఉన్నయ్. ఇయ్యి ఇంకొకళ్ళకి ఇయ్యటం కుదరదని నాకు ముందే తెలుసులెండి, కొనేటప్పుడే చదివా. ఆటల కోసం అడగలా. ఆ వంకన మా అన్న సుభానీ కొట్టుకి పోతాడు, నా సంగతి తెలిసి వాడే వస్తాడు అనుకున్నా. రమ్మని అడగాలంటే నాకు మొహం చాల్లా. అన్న పోలా. పోన్లే. ఏడుపు దాచుకుంటా అంత కష్టపడి అబద్ధం చెప్పాడు, నేను ఊ అన్నా.

మీకొక పని. నేను పోయినాక మా అన్న దీని గురించి మీకు తప్పకుండా రాస్తాడు. నోరు దురుసు, పట్టించుకోమాకండి. ఒకేసారి కుదరదని మాత్రం చెప్పమాకండి. ఆ కాగితం తే, ఈ కాగితం తే అని తిప్పండి. మా నాయన పోయినప్పుడు కూడా ఆఫీసులెంట తిరిగే మనిషైనాడు. ఖాళీగా కూర్చుంటే అన్నం తినడు."

మీ తమ్ముడు మమ్మల్ని అడిగింది ఒక్కటి. నేను దాన్ని చదవక, మొదటి ఉత్తరంలోనే కుదరదని రాసేశాను. నన్ను క్షమించండి.

ఖాతా 16న మూతపడుతుంది. ఆపలేను. దానిమీద పునఃపరిశీలన కోరే ఫారం ఒకటుంది, దీనితో పంపుతున్నాను. దానివల్ల ఇప్పటిదాకా ఎవరికీ ఏమీ తిరిగి రాలేదు. అయినా నింపి పంపండి. నేను తప్పులు పట్టి తిప్పి పంపుతాను.

సెలవు,
నిహారిక.

తా.క.: ఫారం పన్నెండు పేజీలు. ఏడో పేజీలో ఇద్దరు సాక్షులు కావాలి, ఒకరు ఖాతాదారుని బాగా ఎరిగిన స్నేహితుడై ఉండాలి. సుభానీ గారిని పక్కన కూర్చోబెట్టుకుని నింపండి. తొందరేమీ లేదు.