రెండో బేస్ మీద ఊరికే నిలబడ్డ పిల్ల

కంకిపాడు

ప్రియమైన క్రిస్టినాకు,

ఫోన్లో చెబుదామంటే నువ్వు నన్ను మాట పూర్తిచెయ్యనివ్వవు. అందుకే రాస్తున్నాను. కాఫీ పెట్టుకుని నిదానంగా చదువు.

జిల్లా బేస్‌బాల్ సంఘానికి నువ్వు పంపిన ప్రతిపాదన, స్కోరు రాసేదాన్ని కాబట్టి, నాకూ వచ్చింది. మామూలు ఇన్నింగ్స్ అన్నీ అయ్యాక స్కోరు సమమైతే ఇప్పటిదాకా ఎవరో ఒకరు గెలిచేవరకు ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్ ఆడిస్తున్నాం. ఇకనుంచి అందులో ప్రతి జట్టూ రెండో బేస్ మీద ఒక పిల్లను ముందే నిలబెట్టుకుని మొదలుపెట్టాలంటున్నావు, ఆట త్వరగా తేలిపోతుందని.

ఆ పిల్ల బ్యాట్ పట్టలేదు, బంతిని కొట్టలేదు, పరుగెత్తలేదు. మరి అక్కడికి ఎలా వచ్చింది? బేసులన్నీ చుట్టి వస్తేనే కదా ఒక పరుగు. సగం దారి మనమే ఎత్తుకెళ్ళి దించుతామా? బంతి విసిరే పిల్ల సంగతి ఆలోచించావా? తన తప్పేమీ లేకుండానే వీపు వెనకాల అవతలి జట్టు పిల్ల ఉంటుంది. ఒక్క గట్టి దెబ్బ తగిలితే ఓటమి ఈమె పేరు మీద. కాలేజీలో నువ్వు బంతి విసిరే రోజుల్లో ఇలా చేసుంటే ఆ అంపైర్‌ని బతకనిచ్చేదానివా?

ఇక్కడ అంతా బాగున్నాం. మీ అమ్మ, సంపూర్ణమ్మ పిన్నిగారి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? గోంగూర పచ్చడి పంపుతున్నాను. మీ ఆయన కోసం కారం తగ్గించాను.

నీ మేలు కోరే
హైమ

చల్లపల్లి

ఒసే హైమా,

పచ్చడి ఖాళీ. కారం తగ్గించినందుకు మా ఆయన ఎలీషా నీకు స్తోత్రం చెప్పాడు, మా అమ్మ మాత్రం తిట్టింది.

నువ్వు రాసిందంతా న్యాయమే. కానీ నువ్వు స్కోరు చూస్తావు, కోచ్‌ని కాబట్టి నేను పిల్లల్ని ఇంటికి చేర్చే బస్సు చూసుకోవాలి. మా స్కూలు జట్టులో సింధూరి గుర్తుందా? ఎడమచేత్తో బంతి విసిరే పిల్ల. ‘అది చెయ్యా, వడిసెలా!’ అన్నావే, ఆ పిల్ల. విజయవాడలో మొన్నటి మ్యాచ్ సాగీ సాగీ, మేం చల్లపల్లిలో దిగేసరికి బాగా చీకటిపడింది. మర్నాడు వాళ్ళ నాన్న లక్ష్మీకాంత్ గారు స్కూలుకొచ్చి, “ఇక మా పిల్ల ఆటలకి రాదు మేడం” అని వెళ్ళిపోయాడు. ఎందుకని అడగనివ్వలేదు. అడిగేదేముంది, ఆలస్యమైందని కోపం.

వచ్చే నెల ఫైనల్. ఆ పిల్ల రోజూ గ్రౌండు పక్కనుంచే తల తిప్పకుండా పోతోంది. తిప్పితే నేను తట్టుకోలేనేమో. ఆట తొందరగా ముగుస్తుందని ఆయనకి మాటివ్వాలి. అందుకోసం రెండో బేస్ మీద కావాలంటే నేనే వెళ్ళి నిలబడతా. ఈ ఒంటితో పరుగెత్తలేననుకో, అది వేరే సంగతి. మీటింగులో అడ్డం చెప్పకే తల్లీ.

ప్రేమతో, బతిమాలుతూ
క్రిస్టి

కంకిపాడు

ప్రియమైన క్రిస్టినాకు,

కోప్పడకు. నీకు చెప్పకుండా సింధూరి వాళ్ళింటికి వెళ్ళొచ్చాను. నువ్వు చర్చిలో పాట పాడుతుంటావు, అడ్డుపడలేవనే ఆదివారం ఎంచుకున్నాను.

లక్ష్మీకాంత్ గారు వాకిట్లో మినుములు ఎండబోస్తున్నారు. కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, “పిల్ల ఆట సంగతి మాత్రం ఎత్తొద్దండి” అన్నారు. నేను ఎత్తలేదు. కొత్త రూలు వివరించి, ఇక ఆట అంత పొడుగు సాగదు లెండి అన్నాను. ఆయనకి అప్పుడు కోపం వచ్చింది.

“ఆట పొడుగైందని నేనెప్పుడన్నానండీ? నాట్లప్పుడు పని తెమలకపోతే పొద్దుగూకిందని మధ్యలో గట్టెక్కుతామా? ఆ రోజు బస్టాండులో నిలబడ్డాను. ఒక బస్సొచ్చింది, పిల్ల లేదు. ఇంకోటొచ్చింది, లేదు. మీ మేడంగారి ఫోను మోగుతానే ఉంది, ఎత్తరు. బస్సుకేమన్నా అయిందేమోనని, ఇంటికెళ్ళి వాళ్ళమ్మకి ఏం చెప్పాలో తెలీక అక్కడే కూచుండిపోయాను. ఆట ఇంకా అవలేదని ఒక్క ముక్క చెప్పేవాళ్ళు లేరాండీ అంతమందిలో?”

నీ ఫోను సంచిలో ఉంది, నాది స్కోరు రాసే బల్ల మీదే ఉంది. ఇద్దరికీ తోచలేదు.

స్కోరు సమమైతే ప్రతి ఇంటికీ నేను ఫోన్ చేశాకే తర్వాతి ఇన్నింగ్స్ మొదలవుతుందని ఆయనకి మాటిచ్చాను. ఫైనల్‌కి పంపుతానన్నారు, ఈ ఒక్కసారికే. ఆ తర్వాత సంగతి చూస్తారట. ఆ మ్యాచ్ పాత పద్ధతిలోనే ఆడిద్దాం. అప్పటికీ నీకు రూలే కావాలనిపిస్తే మీటింగులో నోరెత్తను.

నీ
హైమ

చల్లపల్లి

నా బంగారు హైమా,

నిన్న ఫైనల్ నుంచి వస్తూ నువ్వు కంకిపాడులో దిగిపోయాక జరిగింది చెప్పకుండా ఉండలేను.

పదమూడో ఇన్నింగ్స్‌లో ఓడామని సింధూరి దారంతా కిటికీకి తలానించి ఏడుస్తూనే ఉంది. మేం దిగేసరికి మొన్నటికన్నా ఎక్కువ చీకటి. లక్ష్మీకాంత్ గారికి ఏం చెప్పాలో వల్లెవేసుకున్నాను. తీరా చూస్తే బస్టాండు టీకొట్టు దగ్గర నాన్నలందరూ లక్ష్మీకాంత్ గారి ఫోను చుట్టూ మూగి ఉన్నారు. నువ్వు ప్రతి ఇన్నింగ్స్‌కీ చేశావట కదా! ఆయన నన్ను చూస్తూనే, “మేడంగారూ, పన్నెండోది అయ్యిందని చెప్పాక ఆ కంకిపాడు అమ్మగారు మళ్ళీ ఫోన్ చెయ్యలేదేంటండీ?” అన్నాడు.

“ఆట అయిపోయిందండీ. ఓడిపోయాం.”

“అప్పుడే ఎట్టా అయిపోద్దండీ?” అని టీకొట్టాయన కూడా నా మీదికి లేచాడు!

“రెండో బేస్ మీద పిల్లని ఊరికే నిలబెట్టే రూలంట, ఎవరి బుర్రలో పుట్టిందండీ అది?” అన్నాడు లక్ష్మీకాంత్ గారు. “ఎవరో లెండి” అన్నాను. ప్రతిపాదన ఈ పొద్దునే వెనక్కి తీసుకున్నాను.

సింధూరి తలెత్తకుండా నిలబడింది. ఆయన దాని భుజం మీది సంచి అందుకుని, “ఏడుపు తర్వాత. సోమవారం ప్రాక్టీసు ఎన్నింటికో ముందు మేడంగారిని అడుగు” అన్నాడు.

నిన్ను ముద్దుపెట్టుకుంటూ
క్రిస్టి