గేటు అవతల ఐదు నిమిషాలు

జూన్ 3, మంగళవారం
నా భార్య జానకి పోయి ఏడు నెలలు. అది జరిగినప్పుడు మా అమ్మాయి స్వాతి డబ్బింగ్ చెబుతూ స్టూడియోలో ఉంది. అప్పటి నుంచి గేటు దాటలేదు. "దాటితే మీ నాన్న కూడా పోతాడు" — చెవిలో ఒక గొంతు చెబుతుందట. మాత్రలతో గొంతు కాస్త తగ్గింది. భయం తగ్గలేదు.

జూన్ 5
తప్పు చేశాను. ముప్పై ఏళ్లు సౌండ్ ఇంజనీర్‌ని కదా... స్వాతి గదిలో గంటసేపు రికార్డ్ చేసి వినిపించాను. ఫ్యాను, ఒక కాకి. "చూశావా అమ్మా, ఏ గొంతూ లేదు."
"తీసేశావు నాన్నా. ఎడిటింగ్ నీకెంత పని!"
తలుపేసుకుంది. అన్నం తినలేదు.

జూన్ 6
యూసుఫ్‌గూడ సెంటర్ నుంచి కౌన్సెలర్ రమాదేవి గారు వచ్చారు. వారానికోసారి ఇంటికే వస్తారు. రికార్డింగ్ సంగతి చెబితే తల పట్టుకున్నారు.
"మంచిగ చేసిన్రు సార్! మీరు గెలిస్తే ఆమె ఓడినట్టే కదా. జర ఆగుండ్రి. పరీక్ష ఆమెనే పెట్టుకోవాలె."
ఆ గొంతు మాట మీద నమ్మకం వందకు ఎంత అని తనని అడిగారు. స్వాతి తొంభై ఐదు అని రాసింది. పరీక్ష కూడా తనే ఎంచుకుంది — గేటు అవతల ఐదు నిమిషాలు. నా పని ఇంట్లో కూర్చోవడం. పిలవకూడదు, వెంట వెళ్లకూడదు. అంతే.
అంతే!

జూన్ 9
రెండు నిమిషాలు. పరుగున వచ్చి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఎనభై ఐదు.

జూన్ 14
ఐదు నిమిషాలూ నిలబడింది. ఎదురింటి డ్రైవర్ యాదగిరి పలకరించాడట — "ఏం మేడమ్, చానా రోజులకు కనబడ్డరు!" అతని గొంతుతోనే చెప్పి చూపించింది. అచ్చం అతనే.
జానకి వినాల్సింది.

జూన్ 20
"గొంతు వచ్చింది నాన్నా. రానీలే అని వెళ్లాను." మలుపు దాకా వెళ్లి కొబ్బరి బొండాం తాగి వచ్చింది. అరవై.

జూన్ 24
పొద్దున్నుంచీ మంచం మీంచి లేవలేదు. మళ్లీ తొంభై.
రమాదేవి గారు ఫోన్‌లో — "గట్లనే ఉంటది సార్. మళ్ల మొదటికి వచ్చినట్టు కాదు."

జూన్ 28, శనివారం
ఇవాళ సెంటర్‌లో తనలాంటివాళ్లంతా కలిసి మాట్లాడుకునే గ్రూప్. నాలుగింటి నుంచి గంటసేపు. ఒక్కతే ఆటో ఎక్కింది. ఫోన్లు వద్దని ముందే అనుకున్నాం.
తనకేదో అవుతుందని నా నమ్మకం — వందకు ఎంత? రాయలేకపోయాను.
ఐదుంబావుకి ఫోన్ మోగింది. తనే.
"నాన్నా, ఉన్నావా?"
నవ్వుతూ అడిగిందో, నిజంగానే అడిగిందో.
"ఉన్నానమ్మా."
అటు ఎవరో గట్టిగా నవ్వుతున్నారు.
"సరే అయితే... ఇక్కడ టీ ఇస్తున్నారు. తాగి వస్తా."
ఆరు దాటింది. ఇంకా రాలేదు. నేను ఫోన్ చేయలేదు.