సోని ఇంకా నవ్వలేదు

అరకు,
ఆదివారం

మా అమ్మ యర్రమ్మ పాదాలకు నీ కొడుకు వరహాలు దండాలు పెట్టి రాస్తున్నది.

మలేషియాలో నువ్వూ అక్కా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయాలి. ఆ మాట ఈసారి చేతికి రావడం లేదు. నీ కోడలు నా దగ్గర లేదమ్మా. సోని కొండ మీద పుట్టింట్లోనే ఉండిపోయింది, దిగి రావడం లేదు. వస్తుందన్న ఆశ కూడా రోజురోజుకీ సన్నగిల్లుతోంది. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోనులో నీ గొంతు వింటే చాలు, నా పాడు నోరు జోకులు మొదలుపెడుతుంది. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి అక్క ఫోనుకి పంపుతున్నాను. అక్క చేత చదివించుకోకు. కళ్లజోడు పెట్టుకుని నువ్వే చదువు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. రిసార్టులో చలిమంట దగ్గర నీ మాటలకి జనం ఇంకా నవ్వుతున్నారా అన్నావు. నవ్వుతున్నారు. ఇక్కడి ఆడవాళ్ల థింసా ఆట అయిపోగానే మైకు నా చేతికిస్తారు. మలేషియాలో నన్ను ఇండియావాడివి అనేవారు, తాత పుట్టిన దేశం కదా అని ఇక్కడికొస్తే ఫారిన్‌వాడివి అంటున్నారు, విమానంలో కూర్చున్న కాసేపే నేను సొంతవాణ్ణి అంటాను. మా దేశంలో వెదురుబొంగులో అన్నం వండుతారు, మీరు కోడిని వండుతారు, రెండు ప్రభుత్వాలూ కూర్చుని మాట్లాడుకుని ఉంటే ఈపాటికి బిర్యానీ అయ్యేది అంటాను. వైజాగ్ నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు పడీపడీ నవ్వుతారు. తాత ఓడలో పట్టుకెళ్లిన తెలుగే కదా మనింట్లో మిగిలింది. డుంబ్రిగుడ సంతలో నేను నోరు తెరిస్తే, మైదానం నుంచి వచ్చి ఉల్లిపాయలు అమ్మే ముసలమ్మలు బేరం మానేసి నా మొహం చూస్తారు. వాళ్ల నాయనమ్మ మగవేషం కట్టుకుని వచ్చిందనుకుంటారు కాబోలు. చూశావా, మళ్లీ అదే పని చేస్తున్నాను.

తిండి సంగతి అడిగావు. ఆకలి వేసినప్పుడు రాగి అంబలి తాగుతున్నాను. ఆకలి తక్కువే.

"గుంటడు ఎవరి పోలికరా, నీ బుర్రముక్కు గానీ రానేదు గదా" అని అడిగావు. ఫోనులో ఎప్పుడడిగినా దాటేస్తూ వచ్చాను. వాడిది నీ పోలికే. నిద్రలో నీలాగే పెదవి ముడిచేవాడు. ముడిచేవాడు అని రాశాను, చూడు. అమ్మా, బాబు లేడు. మన ధర్మ పోయాడు.

కాన్పుకి వెళ్లిన సోని అప్పటికింకా పుట్టింట్లోనే ఉంది. బాబుకు జ్వరం తగిలింది. ఆ ఊరికి రోడ్డు లేదు. తల్లినీ బిడ్డనీ డోలీలో కూర్చోబెట్టి, మా మామ సోంబరూ ఊరివాళ్లూ మోసుకొస్తుంటే, వాగు దాటకముందే ప్రాణం పోయింది. అప్పుడు నేను మైకు పట్టుకుని ఉన్నాను. కబురు తెచ్చిన మనిషి నా వంతు అయ్యేదాకా ఆగాడు. జోకు మధ్యలో ఎలా చెప్పాలో తెలియక, పాపం, అందరితో పాటు నవ్వుతూ నిలబడ్డాడట. అతని మీద నాకు కోపం లేదు. నీకు ఆ రోజే చెప్పాల్సింది. నువ్వు మనవడికి చొక్కాలు కుడుతున్నావని అక్క చెప్పాక ఇక నోరు పెగల్లేదు.

సోని వాళ్ల ఊళ్లో ఒక పద్ధతి ఉంది. చావు మైల తీరిన రోజున, ఏడ్చినవాళ్ల చుట్టూ వదిన వరస, మరిది వరస వాళ్లు చేరి ఆటపట్టిస్తారు. ఒక్కసారి నవ్వితే దుఃఖం దిగినట్టే. జీలుగు కల్లు చేతికిచ్చి ఎవరి దారిన వాళ్లను పంపుతారు. నవ్వనివాళ్లు ఇంకా పోయినవాళ్ల వెంటే ఉన్నట్టు, ఊరు దాటనివ్వరు. సోని వదిన చిన్నమ్మి నా ముక్కు పట్టుకుని లాగింది. అలవాటు కొద్దీ పళ్లికిలించాను, నన్ను వదిలేశారు. సోని నవ్వలేదు. చిన్నమ్మి తన మొగుడి చొక్కా తొడుక్కుని, గరిటె మైకులా పట్టుకుని నన్ను అనుకరించింది. ఊరంతా పగలబడి నవ్వింది. సోని గోడకేసి చూస్తూ కూర్చుంది.

వారాలు గడిచాయి. తను తినడం మానేస్తోంది. చేతులు పుల్లల్లా అయ్యాయి. కొడుకు వెనకే తనూ పోతుందేమోనని నా భయం. చివరికి మామే కబురు పెట్టాడు, అల్లుడి పని నవ్వించడమే గదా, వచ్చి నవ్వించమని.

వెళ్లాను. పట్టపగలు, వాకిట్లో నిలబడి, నా దగ్గరున్నవన్నీ చెప్పాను. పిల్లలు నేల మీద దొర్లారు. మామ కూడా ఆపుకోలేకపోయాడు. ఒక్కో జోకూ చెబుతూ మనసులో సోని కాళ్లు పట్టుకుని బతిమాలాను. జన్మలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదమ్మా. అయినా ఆ మొహంలో ఏ కదలికా లేదు. అన్నీ అయిపోయాక తనే లేచి నా దగ్గరకొచ్చింది.

"అత్తకి సెప్పినావా?" అంది.

లేదన్నాను. నువ్వు వాడికి చొక్కాలు కుడుతున్నావని కూడా చెప్పేశాను.

"మరైతే ఆడ బతికే ఉన్నాడు గదా. నా గుంటడికి ఆడ సొక్కాలు కుడతన్నారు. ఆడ ఏడిసినోలు నేరు. ఈడ నన్నెలాగ నవ్వమంతావు?"

చిన్నమ్మి కల్లు కుండ తీసి లోపల పెట్టేసింది. నేను కొండ దిగి వచ్చి ఈ కాగితం ముందు కూర్చున్నాను.

అమ్మా, ఇంత కఠినమైనది నిన్నెప్పుడూ అడగలేదు. అక్కను పిలువు. మన తెలుగువాళ్లలో ఉన్న ఆడవాళ్లందరినీ పిలువు. ఆ చొక్కాలు ముందు పెట్టుకుని, ధర్మా అని పేరు పెట్టి, తాత పోయినప్పుడు నాయనమ్మ ఏడ్చినట్టు రాగం తీసి ఏడువు. నన్ను తిట్టాలనిపిస్తే ఆ ఏడుపులోనే తిట్టు. రేపు పొద్దున్నే నేను మళ్లీ కొండెక్కుతాను. ఊరి పైన సిగ్నల్ దొరికే బండ మీద సోనిని కూర్చోబెట్టి నీకు ఫోను చేసి, తన చెవి దగ్గర పెడతాను. ఓదార్చకు. ఏమీ చెప్పకు. నీ ఏడుపు తనకు వినబడితే చాలు.

ఇట్లు,
నీ కొడుకు,
ధర్మ తండ్రి
వరహాలు